నాదమునకు ముద్ర



కన్నులు మూసికొన్నను లోకము మనకు తెలియుచునే యుండును. వంటయిల్లు విడువకయే వీధిలో నెవరు పోవుచున్నారో మనము చెప్పగలము. బుడబుక్క మ్రోగినచో జోస్యము చెప్పువాడు వచ్చెననియు, చిడుతలు మ్రోగినచో హరిదాసు వాకిట నిలిచెననియు, సన్నాయి వినబడినచో గంగిరెద్దు వచ్చుచున్నదనియు పసిబిడ్డలు సైతము పలుకుదురు. మా పాతనగరమున రంజాను రాత్రులయందు సహరీకి మేల్కొలుపువారి పిలుపు వేఱు, బోనాలనాటి డప్పు వేఱు, పెండ్లి ఊరేగింపున మ్రోగు మర్ఫా వేఱు. చార్మినారు చేరువ సందులలో వెండిరేకు సాగగొట్టువారి సుత్తెల చప్పుడు వినినచో ఆ దుకాణముల పేరుపలకలు చదువ నక్కఱ లేదు.

ఇట్లు చెవియే కన్నుగా పనిచేయుచుండగా, ధ్వనియే పేరుపలక యగుచుండగా, ఆ ధ్వనికి యజమాని యుండునా? దుకాణదారుడు తన అంగడి పేరును రిజిస్టరు చేయించుకొన్నట్లు తన గంటను, తన కేకను, తన పాటను రిజిస్టరు చేయించుకొనవచ్చునా? ఈ మాసమున మేము ముచ్చటింపదలచిన విషయమిది.

దీనికొక కారణము కలదు. మా పాతనగరమునందే నివసించు సోదరి యొకతె మాకు జాబు వ్రాసినది. ఆమె యింట సకినాలు, చేగోడీలు, అప్పడములు చేసి, తోపుడుబండిపై నుంచుకొని నాలుగైదు వీధులు తిరిగి అమ్ముకొనును. ఆమె అత్తగారు బ్రదికియున్న దినములలో తామే మాటలు కూర్చి, తామే వరుస కట్టి, పాడుచు అమ్మిన చిన్న పాట యొకటి కలదట. 20 ఏండ్లుగా ఆ పాట వినబడినంతనే పిల్లలు డబ్బులు పట్టుకొని గుమ్మములలో నిలుతురట. అత్తగారి పిమ్మట కోడలు పాడుచున్నది. ఇటీవల వేఱొక వ్యాపారి ఆమె పాడుచుండగా ఫోనులో పట్టుకొని, ఆ గొంతునే తన బండిపై మైకులో మ్రోయించుచు, ఆమెకంటె గడియ ముందుగ ఆ వీధులలో తిరుగుచున్నాడు. పిల్లలు పరుగెత్తి వచ్చి అతనియొద్ద కొనుచున్నారు. "పాట మాది, బేరము వానిది. ఆడదానను, బండి త్రోసికొనుదానను, నాకేదైన దారి యున్నదా?" యని ఆమె యడిగినది. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు విషయమును మొదటినుండి విచారింపవలసియున్నది.

ధ్వనినిబట్టి మనిషిని గుర్తించుట మనకు క్రొత్త కాదు. భగవద్గీత ప్రారంభమున కృష్ణుని శంఖము పాంచజన్యము, అర్జునునిది దేవదత్తము, భీమునిది పౌండ్రము, ధర్మరాజుది అనంతవిజయము, నకులునిది సుఘోషము, సహదేవునిది మణిపుష్పకము అని వేఱువేఱుగ పేర్లు చెప్పబడినవి. అన్నియు శంఖములే, అయినను ఎవరి శంఖము వారిది. విరాటపర్వమున అర్జునుడు బృహన్నల వేషముననే రథమెక్కి ఉత్తరగోగ్రహణమునకు పోయెను. వేషము మాఱినది, పేరు మాఱినది. కాని దేవదత్తమును పూరించినంతనే ద్రోణాచార్యులు వచ్చినవాడు అర్జునుడేయని కౌరవులకు చెప్పిరి. రూపమును దాచవచ్చును గాని నాదమును దాచుట కష్టము. నేటి చట్టము ధ్వనిచిహ్నమనుచున్నది దీనినే: వినినంతనే ఇది ఫలానివారిది యని తెలియజేయు ధ్వని.

ధ్వనిని దొంగిలించుటయు మనకు క్రొత్త కాదు. రామాయణమున మారీచుడు ప్రాణము విడుచుచు చేసినదేమి? రాముని కంఠమును పుణికిపుచ్చుకొని, సీతాలక్ష్మణుల పేర్లెత్తి కేకవేసెను. లక్ష్మణుడు అది రాక్షసమాయ యని గ్రహించెను. సీతమ్మ మాత్రము నమ్మెను. తరువాతి కథ మీరెఱుగుదురు. కొందఱు దీనిని సీతమ్మ తొందరపాటుగ చెప్పుదురు. మాకట్లు తోపదు. భర్త గొంతు వినబడగా శ్రుతిభేదములు పరీక్షించుచు కూర్చుండు ఇల్లాలు ఎచ్చట నున్నది? నేటి న్యాయస్థానములును ఈ విషయమున సీతమ్మ పక్షముననే యున్నవి. ఒక చిహ్నము మఱియొకదానిని పోలియున్నదా లేదా యని విచారించునప్పుడు పండితుడు రెంటిని ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించునట్లు చూడరాదు; సామాన్యమైన బుద్ధియు, కొంత మఱపును గల కొనుగోలుదారు మోసపోవునా యని చూడవలెనని నియమము. అనగా లక్ష్మణుడు వినినట్లు కాక, సీత వినినట్లు వినవలెనని యర్థము.

ఇక చట్టము మాట. మన దేశమున 1999వ సంవత్సరపు వ్యాపారచిహ్నముల చట్టము, అనగా ట్రేడ్‌మార్కుల చట్టము, 2003 సెప్టెంబరు 15వ తేదీన అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము చిహ్నమునకు రెండు లక్షణములుండవలెను. మొదటిది, దానిని కాగితముపై గీచి చూపుటకు వీలుండవలెను. రెండవది, ఒకరి సరుకును వేఱొకరి సరుకునుండి వేఱుపఱచు శక్తి దానికుండవలెను. చిహ్నమనగా నేవేవి యని లెక్కించుచోట పేరు, అక్షరము, అంకె, సరుకు ఆకారము, పైకట్టు, రంగుల కూర్పు మున్నగువానిని చెప్పిరి గాని ధ్వని యను మాట అందు లేదు. అయినను ఆ లెక్క ఇంతటితో సరియని ముగింపబడలేదు. కావున ధ్వనికి తలుపు మూసినట్లు కాలేదు.

ఆ తలుపును మొదట తట్టినది విదేశీయులు. యాహూ అను అమెరికా సంస్థ, కొండలపై పశులకాపరులు ఒకరినొకరు పిలుచుకొనునట్టి గొంతుతో తన పేరును సాగదీసి పలికించిన కేకకు 2008 ఆగస్టు 18వ తేదీన ఇచ్చట ముద్ర పొందెను. భారతదేశమున ధ్వనికి దొరకిన తొలి ముద్ర యదియే. 2011లో ఐసీఐసీఐ బ్యాంకు తన ప్రకటనలలో వినిపించు చిన్న రాగమును రిజిస్టరు చేయించుకొనెను. మన దేశపు సంస్థలలో నిదియే మొదటిది. బ్రిటానియా బిస్కత్తులవారి నాలుగు స్వరముల గంటకును ఈ గౌరవము దక్కినది. 2017 మార్చి 6వ తేదీన అమలైన క్రొత్త నిబంధనలలో ధ్వనిని గూర్చి స్పష్టముగ చెప్పిరి: దరఖాస్తుతోపాటు 30 సెకండ్లకు మించని ధ్వనిముద్రికను ఎంపీత్రీ రూపమున ఈయవలెను, దానికి స్వరలేఖనమును జతపఱుపవలెను.

అమెరికాలో నిది మఱింత పాతది. ఎన్.బి.సి. యను రేడియో సంస్థ తన మూడు గంటల నాదమును 1950లోనే రిజిస్టరు చేయించినది. సంగీతము నేర్చిన సోదరీమణులు హార్మోనియముపై సి యను మెట్టును షడ్జముగ నుంచుకొని, క్రింది పంచమము, దానిపై గాంధారము, పిదప షడ్జము వరుసగ నొక్కి చూడుడు. ఆ నాదము వినవచ్చును. మూడే స్వరములు! మన సరళీవరుసలలో నొక అడుగైన కాదు. అయినను ఆ క్రమమున, ఆ గంటలపై, సంవత్సరముల తరబడి వినిపింపగా అవి మూడు స్వరములుగ గాక ఒక సంస్థ పేరుగ జనుల చెవులలో నిలిచినవి. ముద్ర దొరకునది స్వరములలోని చమత్కారమునకు గాదు, జనుల చెవులలో స్థిరపడిన గుర్తింపునకని యిందువలన తెలియుచున్నది.

ధ్వనిని కాగితముపై చూపుట యెట్లు? ఈ ప్రశ్నపై ఐరోపాఖండమున నొక వింత వ్యాజ్యము నడచినది. నెదర్లాండ్సు దేశమున షీల్డ్ మార్క్ అను సంస్థ, బీథోవెన్ రచించిన ఫ్యూర్ ఎలీజ్ అను పియానో రచనలోని మొదటి తొమ్మిది స్వరములను, వానితోపాటు కోడికూతను, తన చిహ్నములుగ రిజిస్టరు చేయించుకొనెను. అట్టి వృత్తియందే యున్న కిస్ట్ అను వేఱొకరు తమ ప్రకటనలలో నవే స్వరములను, తాము అమ్ము కంప్యూటరు సరుకులో కోడికూతను వాడగా తగవు పుట్టినది. 2003 నవంబరు 27వ తేదీన ఐరోపా న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఫలాని రచనలోని మొదటి స్వరములని మాటలతో వర్ణించినచో చాలదు. స్వరముల పేర్లు వరుసగ వ్రాసినను చాలదు. ఏలయనగా స్థాయియు కాలప్రమాణమును అందు తెలియవు. కోడికూతను అక్షరములలో వ్రాసినను చాలదు. డచ్చివారి కోడి "కుకెలెకూ" యనును, మన కోడి "కొక్కొరోకో" యనును. కోడి మాత్రము రెండుచోట్లను ఒక్కటే కూయును గదా! గీతలపై స్వరములుంచి, స్థాయిని, కాలమును, విరామమును చూపు లేఖనమైనచో చాలునని న్యాయస్థానము నిర్ణయించెను. పిమ్మట 2017 అక్టోబరు 1వ తేదీ నుండి ఐరోపావారు గీచి చూపవలెనను నియమమునే తొలగించి, ధ్వనిముద్రికయే చాలుననిరి. మన దేశమున మాత్రము రెండును కావలెను.

వ్రాసి యుంచనిచో నేమగునో తెలుగువారికి వేఱొకరు చెప్పవలసిన పనిలేదు. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలు తిరుమలలో రాగిరేకులపై వేలకొలది నిలిచినవి. మాటలు నిలిచినవి, ఏ పాట యే రాగమో ఆ పేరును నిలిచినది. వరుస మాత్రము నిలువలేదు. నేడు మనము ఇంటింట వినుచున్నవి చాలవఱకు ఇటీవలి విద్వాంసులు తిరిగి కట్టిన వరుసలు. ఆయన నోట ఆ పాట ఎట్లు పలికెనో చెప్పువారు లేరు. దీనికి సరిగ ఎదురు ఉదాహరణము 1904లో ఎట్టయపురమున సుబ్బరామ దీక్షితులు తెలుగు లిపిలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని. ముత్తుస్వామి దీక్షితుల కృతులను స్వరములతో, తాళముతో, గమకములకు ప్రత్యేకపు గుర్తులతో అందు పొందుపఱచిరి. నూఱేండ్లు దాటినను ఆ గ్రంథము తెఱచి పాడుకొనవచ్చును. రాగిరేకునకు దక్కని వరుస అచ్చుకాగితమునకు దక్కినది. కావున స్వరలేఖనము న్యాయస్థానములవారి చాదస్తమని యనుకొనరాదు.

ఎట్టి ధ్వనికైనను ముద్ర దొరకునా? దొరకదు. 2015లో ట్రేడ్‌మార్కు కార్యాలయమువారు వెలువరించిన ముసాయిదా మార్గదర్శిలో, సాధారణముగ నంగీకరింపరానివి ఇవి యని చెప్పబడినవి: ఒకటి రెండు స్వరములతో ముగియు అతిసులభపు నాదములు, గంటలుగ వాడుకలోనున్న పాటలు, పిల్లలకొఱకైన సరుకులపై పిల్లల పాటలు, ఒక ప్రాంతముతో గాఢముగ పెనవైచుకొన్న సంగీతమును ఆ ప్రాంతపు సరుకునకే చిహ్నముగ కోరుట. ఈ నియమములందు న్యాయము కలదు. అందఱికిని చెందినదానిని ఒక్కరు కంచె వేసికొనరాదు.

మా నగరమునుండియే ఉదాహరణములు చెప్పెదము. హైదరాబాదు సోదరీమణులలో పాత ఇనుపసామాను కొనువారి మైకు కంఠమును ఎఱుగనివారుండరు. బండ్లు వేఱు, మనుషులు వేఱు, కేక యొక్కటియే. అది వృత్తిని తెలుపును గాని వ్యక్తిని తెలుపదు. కావున నది యే యొక్కరికిని చిహ్నము కానేరదు. వెండిరేకు కొట్టువారి సుత్తె చప్పుడు ఆ పనినుండి దానంతట పుట్టునది. ఆ పని చేయువారందఱును ఆ చప్పుడు చేయవలసినదే. ఇక మర్ఫా యున్నది. యెమెను దేశపు హద్రమౌతు ప్రాంతమునుండి వచ్చిన అరబ్బులును, ఆఫ్రికానుండి వచ్చిన సిద్దీలును నిజాము సైన్యములలో కొలువు చేయుచు తెచ్చిన ఆ వాద్యము, బార్కస్ మొదలగు పేటలనుండి నగరమంతట ప్రాకి, నేడు హిందువుల యింట పెండ్లికిని, ముస్లిముల యింట పెండ్లికిని మ్రోగుచున్నది. హైదరాబాదులో పెండ్లి మేళమునకు ఆ దరువును చిహ్నముగ ఒక్కరికే యిచ్చినచో మిగిలిన మేళగాండ్రందఱును నోరు కట్టుకొనవలసి వచ్చును.

ఒక ఊరివారందఱికి కలిసి రక్షణ లేదా యని మీరడుగుదురు. వస్తువునకైనచో కలదు. భౌగోళిక గుర్తింపు అను పేర హైదరాబాదు హలీమునకు 2010లోను, లాడ్‌బజారు లక్క గాజులకు 2024లోను రక్షణ లభించినది. కాని ఆ చట్టము పంటలు, తినుబండారములు, చేతిపనులు మొదలగు వస్తువులకే గాని ధ్వనికి వర్తింపదు. గాజునకు రక్షణ యున్నది. గాజుల గలగలకు లేదు.

ఇచ్చట రెండు హక్కులను వేఱుపఱచి చూడవలెను. లేనిచో మనస్సు చిక్కువడును. పాట కట్టినవారి హక్కు వేఱు, పాటను వ్యాపారచిహ్నముగ వాడుకొనువారి హక్కు వేఱు. మొదటిదానిని కాపీరైటు అందురు. మాటలకు మాటల హక్కు, వరుసకు వరుస హక్కు, రెండును వేఱువేఱుగ నుండును. ఎవరు రచించినను, రిజిస్టరు చేయింపకున్నను, అది పుట్టుకతో వచ్చు హక్కు. రచించినవారి జీవితకాలమును, వారి పిమ్మట 60 సంవత్సరములును అది నిలుచును. పిదప ఆ రచన లోకులసొత్తు. రెండవది ట్రేడ్‌మార్కు. అది 10 సంవత్సరములకొక పర్యాయము రుసుము చెల్లించి పొడిగించుకొనుచుండిన ఎన్నడును తీఱిపోదు.

ఈ రెండు హక్కుల నడుమ నొక సందు కలదు. నోకియా ఫోనులలో మ్రోగిన రాగమును మనమందఱము విన్నవారమే. అది స్పెయిను దేశపు వైణికుడు ఫ్రాన్సిస్కో తారెగా 1902లో గిటారుకొఱకు రచించిన గ్రాన్ వాల్స్ అను రచనలోని ముక్క. ఆయన 1909లో గతించెను. రచయిత హక్కు తీఱి లోకులసొత్తైన రాగము, ఒక సంస్థవారి వాడుకచే తిరిగి చిహ్నమైనది. ఇంటిముందరి రచ్చబండపై ఒకరు తమ అంగడి పలక కట్టుకొన్నట్టు లున్నదిది. ఆ బండపై కూర్చుండుటకు మనకు అడ్డు లేదు. కాని అట్టి పలకనే కట్టి అట్టి అంగడి పెట్టుటకు వీలులేదు.

మన పూర్వులు ఈ విషయమున వేఱొక మార్గము త్రొక్కిరి. పాటలోనే పేరు పెట్టిరి. దానినే మనము ముద్ర యనుచున్నాము. అన్నమయ్యకు వేంకటేశుడు, క్షేత్రయ్యకు మువ్వగోపాలుడు, త్యాగయ్యకు తన పేరే ముద్ర. మా నగరపు ఉర్దూ కవయిత్రి మహ్‌లఖా బాయి 1768లో పుట్టి 1824లో గతించినది. ఆమె తన గజళ్ళ చివర చందా యను కలము పేరుంచినది. మౌలాలి కొండ దిగువ నామె సమాధి నేటికిని కలదు. ఆ ముద్ర కంచె గాదు. దారిని పోవువారు ఎవరైనను పాడుకొనవచ్చును. పాడిన ప్రతివారి నోటను కర్త పేరు తానే పలుకును. రచయిత పేరు చెఱుపరాదనియు, రచనను వికృతము చేయరాదనియు నేటి కాపీరైటు చట్టమునందు 57వ సెక్షను చెప్పుచున్నది. మన వాగ్గేయకారులు ఆ పనిని చట్టము లేకయే సాధించిరి.

కాని ముద్రలు గలవి ఎవరి పాటలు? పేరుగాంచినవారివి. లాలిపాటలు, తలుపుదగ్గఱ పాటలు, అప్పగింత పాటలు, దంపుళ్ళ పాటలు, బతుకమ్మ పాటలు కట్టిన తల్లులలో ఎందఱు తమ పేరు పెట్టుకొనిరి? చేతిలో రోకలి యుండగా నోటికి వచ్చిన పాట యది. పేరు పెట్టవలెనను తలంపే వారికి రాలేదు. ఆస్తి లేని స్త్రీకి పాటయే ఆస్తియైనప్పుడు, ఆ ఆస్తికి పట్టా లేదు. అసలు ప్రమాదము ఇచ్చటనే యున్నది.

ఒక లాలిపాట వరుసను ఏదో సంస్థ పసిపిల్లల నూనెకు చిహ్నముగ రిజిస్టరు చేయించుకొన్నదనుకొందము. ఇక అమ్మమ్మ తన మనుమని నిద్రపుచ్చుచు ఆ పాట పాడరాదా? నిక్షేపముగ పాడవచ్చును. ట్రేడ్‌మార్కు వ్యాపారమున సరుకునకు గుర్తుగ వాడుటను మాత్రమే అడ్డగించును. ఇంటిలో, గుడిలో, పాటకచేరిలో పాడుటను కాదు. ఈ విషయమున భయపడవలదు. భయపడవలసినది వేఱొకటి. ఆ వరుసతోనే ఇంటనూనె కాచి అమ్ముకొను పేద స్త్రీకి ఒకనాడు వకీలు నోటీసు వచ్చును. ఆమె పాట తన తాతమ్మది యని ఎఱుగును. కాని నిరూపించు కాగితము లేదు. న్యాయము తన వైపున నున్నను, కోర్టు మెట్లెక్కు ఓపిక లేక ఆమె పాట మానుకొనును. పాట పోయినట్లు ఎవ్వరికిని తెలియనే తెలియదు.

ఇక మా సోదరి ప్రశ్నకు వత్తుము. అమ్మా, నీకు దారి యున్నది; ఒకటి కాదు, నాలుగున్నవి. మొదటిది కాపీరైటు. మాటలును వరుసయు మీ అత్తగారు స్వయముగ కట్టినవైనచో ఆ హక్కు ఇప్పుడు ఆమె వారసులది. నీ భర్తకు తోబుట్టువులుండినచో బావగారి, ఆడబిడ్డల సమ్మతిని కాగితముపై వ్రాయించుకొనుము. పాట ఎవరిదను తగవు ఇంటిలో పుట్టకముందే ఆ పని చేయుట మేలు. వరుస ఏ పాత జానపదపు వరుసయో యైనచో మాటలపై మాత్రమే హక్కుండును. రెండవది, పాడినవారి హక్కు. ఆ మైకులో మ్రోగుచున్నది నీ గొంతు. నీ యనుమతి లేక నీ పాటను పట్టుకొని వాడుటకు కాపీరైటు చట్టమే ఒప్పుకొనదు. పాట పాతదైనను గొంతు నీదే.

మూడవది, తన సరుకును ఇతరుల సరుకుగ చలామణి చేయరాదను న్యాయసూత్రము. చిహ్నము రిజిస్టరు కాకున్నను ఈ హక్కు పోదని ట్రేడ్‌మార్కుల చట్టము 27వ సెక్షనున చెప్పినది. ఇందు మూడు విషయములు నిరూపింపవలెను: నీ పాటకు ఆ వీధులలో పేరున్నదనుట, ఆ వ్యాపారి వాడుక వలన జనులు అది నీ బండియని భ్రమపడుచున్నారనుట, అందువలన నీకు నష్టము కలిగినదనుట. పిల్లలు పరుగెత్తి పోయి అతనియొద్ద కొనుటయే రెండవదానికి సాక్ష్యము. ఇది మారీచుని కేకయే. సీత మోసపోయినదని చూపిన చాలును. ఇరుగుపొరుగువారిచే ఎన్నియేండ్లనుండి వినుచున్నారో వ్రాయించి సంతకములు పెట్టించుము. పాత ఫోనులలో నీ బండి, నీ పాట పడిన చిత్రములున్నచో తేదీలతో భద్రపఱుపుము. పిండి, నూనె కొన్న చీటీలను సైతము పాఱవేయకుము.

నాలుగవది రిజిస్ట్రేషను. పాటనంతను గాక, వినినంతనే గుర్తుపట్టు నాలుగైదు మాటల పల్లవిని 30 సెకండ్లలోపు పాడి, స్వరలేఖనముతో దరఖాస్తు పెట్టవలెను. సంగీతము నేర్పువారి నడిగిన పావుగంటలో స్వరము వ్రాసియిత్తురు. సకినాలు, అప్పడముల వంటివి 30వ తరగతి సరుకులు. సొంత వ్యక్తులకును చిన్న వ్యాపారులకును 2017 నిబంధనల ప్రకారము ఇంటర్నెట్టు ద్వారా పెట్టు దరఖాస్తునకు తరగతికి రు. 4,500 రుసుము, పెద్ద సంస్థలకు రు. 9,000. తెలంగాణము చెన్నపట్టణపు కార్యాలయము క్రిందిదైనను అంతదూరము పోవలసిన పనిలేదు. 20 ఏండ్లుగా వాడుచున్నామని ప్రమాణపత్రము జతపఱచినచో బలము చేకూరును. కార్యాలయమువారు అభ్యంతరము తెలిపినచో గడువులోపల సమాధానమీయవలెను. అంగీకరించినచో పత్రికలో ప్రకటింతురు. నాలుగు నెలలలో నెవరును ఎదురాడనిచో ముద్ర దొరకును. దొరకిన పిమ్మట పాట మానరాదు. 5 సంవత్సరములు వాడక విడిచినచో దానిని తొలగింపుడని ఇతరులు కోరవచ్చును. ఆ వ్యాపారియే ముందుగ పరుగెత్తి రిజిస్టరు చేయించుకొన్నను దిగులుపడకుము. అతనికంటె ముందునుండి వాడుచున్నదానవు గనుక 34వ సెక్షను నిన్ను కాపాడును.

ఇవన్నియు కోర్టు మాటలు. అంతకుముందు నలుగురు పెద్దలను వెంటబెట్టుకొని అతనితో మాటాడుము. పేదవాని కడుపు కొట్టుట మనకును తగదు. సకినాలమ్ముటకు అతనికిని హక్కున్నది. తన పాట తాను కట్టుకొమ్మని చెప్పుము. వినడేని, పేదలకును స్త్రీలకును ఉచితముగ వకీలు నిచ్చు న్యాయసేవాధికార సంస్థ జిల్లా కోర్టులోనే కలదు. ఆదాయముతో నిమిత్తము లేకయే స్త్రీలు అచ్చటికి పోవచ్చును.

మిగిలిన సోదరీమణులకు మేము చెప్పునది వేఱొకటి. ఎవరైనను ఒక రాగమునకు ముద్ర కోరినప్పుడు, పత్రికలో ప్రకటించిన నాలుగు నెలలలో అభ్యంతరము చెప్పుటకు ఏ వ్యక్తికైనను హక్కున్నది. ఈ పాట మాది, తరతరాలనుండి మా ఊరిలో పాడుచున్నారు, ఒక్కరి సరుకునకు గుర్తుగ నీయరాదు అని చెప్పవచ్చును. కాని చూపుటకు ఆధారము కావలెను. ఆ ఆధారము మన అమ్మమ్మల కంఠములలో తప్ప మఱెచ్చటను లేదు.

కావున ఈ మాసమునుండియే ఒక పుస్తకము కుట్టుకొనుడు. మీ యింట పాడు లాలిపాటను, మంగళహారతిని, పెండ్లిపాటను అందు వ్రాయుడు. పాట క్రింద ఏ ఊరిలో, ఎవరివలన, ఏ సంవత్సరమున నేర్చితిరో వ్రాయుడు. స్వరము తెలిసినచో స్వరమును, తెలియనిచో పిల్లలచే ఫోనులో గొంతును పట్టించి తేదీతో దాచుడు. కట్టిన తల్లి పేరు తెలిసినచో తప్పక వ్రాయుడు. ఆమె పెట్టుకొనని ముద్రను మన చేతులతో మనము పెట్టుదము.